తేనెపెట్టెకు తూర్పు వాకిలి

ఈ సభకు అధ్యక్షత వహించడానికి ఎండను లెక్కచేయకుండా వై.ఎన్.హొసకోట నుంచి బండి కట్టించుకుని వచ్చిన రెవెన్యూ షేక్దారు గంగాధరప్పగారికి, ముందు వరసలో కూర్చున్న నిడుగల్లు పెద్దలకు, వెనక వరసలో కూర్చుని ముందు వరసవాళ్ళ గురించి మాట్లాడుకుంటున్న అమ్మలకు, అక్కలకు, ఆరుపాళ్ళ బావి కింద నాతోపాటు నీళ్ళు పంచుకుని, నీళ్ళకంటే ఎక్కువగా మాటలు పంచుకున్న భాగస్థులందరికీ నా నమస్కారాలు.

ఇందాక చదివిన సన్మానపత్రంలో నా మాట తేనెలాగా ఉంటుందని రాశారు. రాసినవాళ్ళెవరో నా దగ్గర చదువుకోలేదని దాంతో తేలిపోయింది. (నవ్వులు) ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో కన్నడంలో పాఠం చెప్పి తెలుగులో తిట్టినదాన్ని నేను. పాఠం ఎంతమందికి గుర్తుందో తెలియదు గాని, తిట్లు మాత్రం ఈ హాల్లో సగంమంది ఒప్పజెప్పగలరు. ఇక ఈ శాలువా. మండుటెండలో మనిషికి శాలువా కప్పడం మర్యాదో, పాత పగో నాకిప్పటికీ అర్థం కాలేదు. అయినా తీయను. ఇచ్చింది మీరు, మోస్తున్నది నేను, ఇద్దరమూ సమానంగానే కష్టపడుతున్నాం.

కొత్తగా వచ్చిన చుట్టాలు కూడా కూర్చుని ఉన్నారు గనుక ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మా బావి ఒకటే, కపిల ఒకటే, భాగాలు ఆరు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజు నీళ్ళ వంతు. మడులన్నీ పక్కపక్కనే, మధ్యలో మనిషి పాదం పట్టేంత గట్టు. ఇక్కడ రంగక్క మిరపచెట్టు దగ్గితే అక్కడ హనుమంతరాయప్ప ఎర్రగడ్డ ఉలిక్కిపడుతుంది. అటువంటి చోట నేను తేనెటీగలు పెంచాను. ఎనిమిదేళ్ళు పెంచాను, ఒక పెట్టెను నాలుగు చేశాను. అందుకు మీరు నన్ను సన్మానిస్తున్నారు. నిజానికి సన్మానం జరగవలసింది మీకు.

నాకిప్పుడు కళ్ళలో పొర వచ్చింది. మధుగిరిలో మా అమ్మాయి దగ్గరికి పోతున్నాను. మడి రంగక్కకు గుత్తకిచ్చాను. "మడి ఉంటే సాలక్కా, ఈగిలు మాత్రం నాకొద్దు, నీ ఈగిలు నీ మాదిరే, ఎప్పుడు మంచిగుంటాయో ఎప్పుడు కుడతాయో తెలీదు" అంది. న్యాయమైన మాటే. దాంతో భాగస్థులంతా కూర్చుని, నా నాలుగు పెట్టెలనూ శుక్రవారం, పెట్రోలు లేక బొగ్గుతో నడిచే ఆ బొగ్గుబస్సు మీదికెక్కించి తుమకూరులో వ్యవసాయ ఇలాఖావారికి తిరిగి పంపాలని తీర్మానం చేశారు. తీర్మానం పెట్టింది హనుమంతరాయప్ప. నేను తల ఊపాను. ఇప్పుడు నేను ఏం మాట్లాడినా, ఎంత నవ్వించినా, నా ఆలోచన ఆ శుక్రవారం చుట్టూనే తిరుగుతుంటుందని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఈ ఈగల పిచ్చి ఎందుకు పట్టిందని చాలామంది అడిగారు. తేనె కోసమని చెప్పేదాన్ని. అది అబద్ధం. బడి వదిలి ఇంట్లో కూర్చున్నాక ఇల్లు మూగబోయింది. తిట్టడానికి ఒక్క ప్రాణి లేదు. ఒకసారి తుమకూరులో వస్తుప్రదర్శనకు పోయినప్పుడు ఇలాఖావారు ఒక పెట్టె చూపించి, చెవి పెట్టి వినమన్నారు. పెట్టాను. సాక్షాత్తూ ఒకటో తరగతి. అందరూ ఒకేసారి చదువుతున్నారు, ఎవరు ఏం చదువుతున్నారో ఎవరికీ తెలియదు. అక్కడే పేరు రాయించుకుని వచ్చాను.

మన కోటబండల మీద వేలాడే పెద్దీగలను చూసి చూసి ఉన్న ఊరు గదా ఇది. ఒకసారి లేచినాయంటే కొండ దిగేదాకా తరుముతాయి. నా పెట్టె దిగగానే హనుమంతరాయప్ప నాలుగడుగులు వెనక్కి వేసి అడిగాడు.

"ఏందమ్మా పంతులమ్మా, పెట్టెలో?"

"తేనెటీగలప్పా. కోటమీదివి కాదు. ఇవి చిన్నవి, పుట్టతేనె జాతి, సాధువులు."

"బడి ఇడిసిపెట్టినాంక ఈగిల్ని చదివిస్తావా?"

"వీటికి చదువు అక్కర్లేదు. వీటికి పని వచ్చు" అన్నాను. ఎంత గర్వంగా అన్నానంటే, ఆ పెట్టెను నేనే కన్నట్టు.

పెట్టె ఎక్కడ పెట్టాలి, వాకిలి ఎటు తిప్పాలి అనేది తరవాతి ప్రశ్న. ఇలాఖావారిచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో వాకిలి తూర్పుకుంటే మేలని ఉంది, పొద్దుటెండ తగిలి ఈగలు పెందలాడే పనిలోకి పోతాయట. ఎందుకైనా మంచిదని పురోహితుణ్ణి అడిగాను. ఆయనా తూర్పే అన్నాడు, వాస్తు ప్రకారం. ఇంగ్లీషు పుస్తకమూ పంచాంగమూ ఒకే మాట మీదికి రావడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ రెండూ కలిసిన చోట నా బుద్ధి పక్కకు తప్పుకుంది. ముహూర్తం పెట్టించి, పెట్టెకు పసుపు కుంకుమ పూసి, మామిడాకుల తోరణం కట్టి, ఈగలకు గృహప్రవేశం చేశాను. (నవ్వులు) నవ్వకండి, మీరందరూ వచ్చారు. బెల్లం శనగలు తిన్నారు. "తూర్పు వాకిలి, బాగుండాది" అని ఒక్కొక్కరూ తల ఊపి పోయారు. ఆ తూర్పున ఏముందో ఆరు భాగాలవాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి రోజూ చూస్తున్నదే కదా. తూర్పు వాకిలి అన్న తరవాత ఎదురుగా ఏముందని చూసేవాడెవడు?

ఎదురుగా కపిలబాట ఉంది.

కపిల తోలడం చూడని పట్నంవాళ్ళు ఎవరైనా ఉంటే వినండి. ఎద్దులు వాలుబాట మీద కిందికి నడుస్తుంటే మోకు చివర కట్టిన బాన నిండా నీళ్ళు పైకొస్తాయి. తోలేవాడు బరువు కోసం మోకు మీదే కూర్చుంటాడు. నీళ్ళు పారాక ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి పైకెక్కుతాయి. ఆ రోజు వంతు హనుమంతరాయప్పది. ఆయన ఎద్దులు కర్రోడు, మయిలోడు చెమటతో నిగనిగలాడుతున్నాయి. చెమట వాసన ఈగలకు గిట్టదని పుస్తకంలోనే ఉంది, తరవాతి పేజీలో. నేను తూర్పు దగ్గరే పుస్తకం మూశాను. ఆయన మోకు మీద కూర్చుని పాటెత్తుకున్నాడు. ఈగలు లేచింది చెమటకు కాదు, ఆ పాటకేనని నా అభిప్రాయం, కాని దానికి రుజువు లేదు. (నవ్వులు) హనుమంతరాయప్ప కూడా నవ్వుతున్నాడు, రాసుకోండి.

ఎద్దులు బాట వదిలి పరుగెత్తాయి. మోకు మీద మనిషి మోకు మీదే ఉన్నాడు. ఆ వాహనం రంగక్క మిరపమడిలో నుంచి పోతుంటే, ఆవిడ గంప దించి అడిగింది.

"బావా, యాడికి పోతాండావు?"

"ఎద్దుల్నడుగు" అన్నాడాయన, ఆగకుండా.

బాన దబ్బున పైకొచ్చి గిలకకు కొట్టుకుంది. గిలక విరిగింది, బాన బావిలో పడింది, ముగ్గురి వంతులు ఎండిపోయాయి. హనుమంతరాయప్ప అవిసెచెట్టు కింద దొరికాడు. ఇంతవరకు మీకు తెలిసిన కథే, తిరునాళ్ళలో చెప్పుకుని నవ్వుకునేదే. నేను కూడా నవ్వేదాన్ని, ఆ సాయంత్రం లేకపోతే.

ఆ సాయంత్రం ఆయన కొట్టం దగ్గరికి పోయాను. మయిలోడి కన్ను మూసుకుపోయి, మొహం ఒక పక్క గుమ్మడికాయంత అయింది. ఆయన వేపాకు నూరి రాస్తున్నాడు. తన మొహం కూడా వాచే ఉంది, దానికేమీ రాసుకోలేదు. నేను చంకలో పుస్తకం పెట్టుకుని పోయాను, జరిగినదానికి కారణం వివరిద్దామని.

"నోరులేని జీవం పంతులమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండానే. "తనను కుట్టిందేందో గూడా దానికి తెలీదు. నువ్వు పుస్తకం తెచ్చినావు."

మళ్ళీ వేపాకు అందుకున్నాడు. నా జీవితంలో నన్ను ఎవరూ అంత తక్కువ మాటలతో తిట్టలేదు. నాకు తెలిసిన విద్య అది, అందులో నన్ను మించినవాణ్ణి ఆ రోజు చూశాను.

మర్నాడు ఆయన ఫిర్యాదు వచ్చింది. మా బావి దగ్గర ఒక ఆచారం ఉంది, షేక్దారుగారికి తెలియకపోవచ్చు, ఎందుకంటే అది ఉన్నందువల్లే మా తగాదాలు ఆయన దాకా రావు. దాని పేరు గట్టువంతు. ఒకరి మీద ఒకరికి ఫిర్యాదుంటే, పెద్దల దగ్గరికి పోకముందు, ఫిర్యాదు ఎవరి మీదనో వాళ్ళు గట్టు దాటి, ఫిర్యాదు చేసినవాళ్ళ మడిలో ఒక వంతు పని చేయాలి. నీళ్ళు కట్టాలి, కలుపు తీయాలి. ఫిర్యాదు చేసినవాడు గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. అంతే. తప్పెవరిదని ఎవరూ అడగరు. మన మడిలో నిలబడితే మన మడి ఎప్పుడూ ముద్దుగానే కనబడుతుంది గదా. అవతలి మడిలో నిలబడితే మన మడికి కూడా వీపూ ముఖమూ ఉన్నాయని తెలుస్తుంది.

"ఒక్క వంతే నిలబడతాను" అన్నాను, మెడ నిటారుగా పెట్టుకుని.

"ఒగటే సాలు" అన్నాడు, గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతూ.

పార తీసుకుని, కపిలబాటను ఆనుకున్న ఆయన ఎర్రగడ్డల మడిలో, ఉల్లిమడిలో దిగాను. నీళ్ళ మడవ తిప్పడానికి వంగాను. అంతవరకు నేను నా పెట్టెను ఎప్పుడూ వెనక నుంచే చూశాను, ముసుగేసుకుని, పొగ పట్టుకుని. వెనక నుంచి చూస్తే అది బడి, అది భజన. ముందు నుంచి చూస్తే, అందులోనూ వంగి చూస్తే, అది సూటిగా మన ముక్కు ఎత్తులో వచ్చే బాణాల వరస. ఫిరంగి వెనక నిలబడినవాడు ఫిరంగి ఎంత అందంగా ఉందో అనుకుంటాడు చూడండి, అట్లాంటిదాన్ని నేను. మొదటి ఈగ ముక్కు మీద కుట్టింది. రెండోది పై పెదవి మీద. గట్టు మీద నుంచి ఆయన తాపీగా అన్నాడు:

"కదలాకమ్మా, సాధువులు."

(నవ్వులు, చాలాసేపు)

ఆ మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వచ్చినప్పుడే షేక్దారుగారు శిస్తు లెక్కల జమాబందీ పని మీద వచ్చి, నా గుమ్మం ముందు నిలబడి, నన్నే చూసి, "అమ్మా, పంతులమ్మగారు ఇంట్లో ఉన్నారా?" అని అడిగారు. "లేరయ్యా, వంతుకు పోయారు" అని చెప్పి పంపించాను. అయ్యా, ఇన్నేళ్ళకు మీకు నిజం చెబుతున్నాను, ఆ మొహం నాదే. క్షమించండి.

సాయంత్రానికి ఒక వంతు అయిపోయింది. ఆయన వక్కాకు ఉమ్మేసి, "సాలమ్మా, ఇంటికి పో" అన్నాడు. నేను పోలేదు. పోదామనే అనుకున్నాను, కాని ఒక సంగతి బుర్రలో పడింది. తూర్పు నుంచి తిప్పితే వాకిలి ఇంకెవరి మీదికో పోతుంది. అది ఎవరి ముక్కో చూడొద్దా? వాకిలిని ఒక్కసారిగా తిప్పితే మేతకు పోయిన ఈగలు తిరిగొచ్చి పాత చోటనే వెతుక్కుని చస్తాయి. అందుకని రోజూ చీకటి పడ్డాక ఇంతింతగా, గడియారం ముల్లు జరిగినట్టు జరుపుతూ వచ్చాను. జరిపినప్పుడల్లా ఆ వైపు మడిలోకి పోయి, అక్కడివాళ్ళు వంగే చోట వంగి, ముక్కు పెట్టి చూశాను. పడమర తిప్పితే రంగక్క. దక్షిణం తిప్పితే బట్టలుతికే బండ. ఒక్క వంతే అన్నదాన్ని, ఆరు భాగాల్లోనూ నిలబడ్డాను. ఆ ఏడాది నా ముక్కుకు అసలు ఆకారం ఏదో మా అమ్మాయి కూడా చెప్పలేకపోయింది.

చివరికి వాకిలి నా ఇంటి గోడవైపే తిరిగింది. ముందే తిప్పవలసింది అటే. మన ఈగలు ముందు మన ముక్కు మీదుగా పోవాలి, ఆ తరవాతే ఊరి మీదికి. చుట్టూ జొన్నదంటుతో మనిషిని మించిన దడి కట్టాను, గోడకూ దడికీ మధ్య నుంచి అవి నేరుగా పైకి లేచి, అందరి తలల మీదుగా పోయేట్టు. మీ గేదెల తొట్టి దగ్గరికి పోకుండా, పగిలిన మూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెట్టాను. పెట్టె తెరిచే రోజున ముందుగా అందరికీ చెప్పి, గడకు ఎర్రగుడ్డ కట్టేదాన్ని, ఇవాళ ఇటు రావద్దని. ఆ గుడ్డ రంగక్కకు బాగా నచ్చి, "అక్కా, అట్లాంటిది నాకూ ఒగటియ్యి, మా ఆడబిడ్డ వచ్చే రోజు వాకిట్లో కడతా" అంది. ఇచ్చాను. ఆడబిడ్డ అర్థం చేసుకుందో లేదో నాకు తెలియదు. (వెనక వరసలో నవ్వులు) ఓహో, వచ్చిందా ఆవిడ. నమస్కారమమ్మా, కూర్చోండి.

ఇక హనుమంతరాయప్ప. ఈయన ఎర్రగడ్డ విత్తనం కడతాడు. తెల్లటి పూలబంతులు మడి నిండా లేచినప్పుడు నా ఈగలన్నీ అక్కడే. ఆ ఏడాది విత్తనం ఎన్నడూ లేనంతగా కట్టింది. హొసకోట సంతలో ఈయన విత్తనమే అడిగి తీసుకున్నారు. నేను గట్టు మీద నిలబడి, ఏదో ఒక మాట అంటాడేమోనని చూశాను.

"వాన బాగా పడినాది" అన్నాడు.

అయ్యా, ఆ ఏడాది ఈ తాలూకాలో వాన పడలేదు. షేక్దారుగారే భూమి కందాయం మాఫీకి రాసి పంపారు. (నవ్వులు) అయినా నేను పట్టుబట్టలేదు. ఆ తరవాత నుంచి ఆయన కపిల తోలిన రోజున, ఎద్దులకు చెమట ఆరి, వాటికి నీళ్ళు పోసి కడిగిన తరవాతే నా గోడ పక్క నుంచి తోలుకుపోవడం గమనించాను. మోకు మీద పాట కూడా తగ్గించాడు. ఇంతకు మించి ఒక మనిషి ఏం చెప్పాలి?

నీళ్ళు ఇప్పించండి.

కళ్ళకు పొర వచ్చినప్పటి నుంచి నాకు పెట్టెలో రాణీగ కనబడటం లేదు. గుడ్లు కనబడవు, పురుగు పట్టిందీ లేనిదీ కనబడదు. కాని చెవి పెడితే వినబడుతుంది. బాగున్నప్పుడు ఒక రొద, ఆకలైనప్పుడు ఒక రొద, రాణి పోయినప్పుడు ఇంకొక రొద, అది ఏడుపులాగే ఉంటుంది. మొన్న తీర్మానం తరవాత పోయి నాలుగు పెట్టెలకూ చెవి పెట్టాను. నాలుగూ బాగున్నాయి. వాటికి ఏ తీర్మానమూ తెలియదు. బొగ్గుబస్సు పైన, ఈ ఎండలో, ఆ గుంతల దారిలో తుమకూరు చేరేసరికి మైనం కరిగి, పట్లు తెగి, ఎన్ని బతికి దిగుతాయో ఇలాఖావారు చెప్పలేరు, నేను చెప్పగలను. నోరులేని జీవాలు. తమనెవరు పంపారో కూడా వాటికి తెలియదు. నేను పుస్తకం చదువుకున్నదాన్ని గనుక, చేతులు కట్టుకుని తల ఊపాను.

అందుకని, అధ్యక్షా, సన్మానం పొందినవాళ్ళు చేయకూడని పని ఒకటి చేస్తున్నాను. ఆరుపాళ్ళ బావి భాగస్థురాలిగా, మడి అప్పజెప్పకముందు, నాకొక ఫిర్యాదుంది. హనుమంతరాయప్ప మీద. నా మడిలో ఒక్క పూటైనా నిలబడకుండా నా ఈగలను బస్సెక్కించాలని తీర్మానం పెట్టాడు. అవి ఆయన వైపు నుంచి ఎట్లా కనబడతాయో నేను చూసి వచ్చాను, నా ముక్కు సాక్షి. నా వైపు నుంచి ఎట్లా వినబడతాయో ఆయన ఇంకా వినలేదు. గట్టువంతు అడుగుతున్నాను. పెద్దల తీర్పు నాకు అక్కర్లేదు. తప్పెవరిదని అడగొద్దు. రేపు వంతు నాదే, నా మడిలో అదే చివరిది. ఆయన గట్టు దాటి రావాలి, నాలుగు పెట్టెలకూ చెవి పెట్టాలి. నేను గట్టు మీద కూర్చుంటాను. వక్కాకు అలవాటు లేదు, రేపటికి నేర్చుకుంటాను.

(కుర్చీ జరిగిన చప్పుడు)

ఏమప్పా హనుమంతరాయప్పా, లేచావు? పోతున్నావా, చెబుతున్నావా? గట్టిగా చెప్పు, నాకు కళ్ళే పోయినాయి, వెనక వరసకు చెవులున్నాయి.

"ఒగ వంతే నిలబడేది పంతులమ్మా. ఒగటే."

(నవ్వులు, చప్పట్లు)

సభవారు విన్నారు గదా. ఒక వంతేనట. నేనూ ఇదే మాట అన్నాను, మెడ కూడా ఇట్లాగే పెట్టాను.

కూర్చో నాయనా. రేపు కపిల తోలి నేరుగా రావద్దు, స్నానం చేసి రా. వెనక నుంచి రా, ముందు నుంచి కాదు. కుడితే కదలొద్దు, సాధువులు. పాట మాత్రం పాడొద్దు.

నన్ను ఇంతకాలం భరించిన భాగస్థులకు, తన మిరపమడిని కపిలబాట చేసినా మాట మానని రంగక్కకు, నన్ను గుర్తుపట్టక మర్యాద కాపాడిన షేక్దారుగారికి, ఇప్పుడు లేకపోయినా, కన్ను తెరుచుకున్నాక కూడా నన్ను చూసి పొడవని మయిలోడికి, అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. శుక్రవారం బొగ్గుబస్సు మీద చోటు చెప్పి పెట్టారు గదా, దాన్ని రద్దు చేయకండి, ఈగలపెట్టెలకు బదులు మధుగిరికి నా ట్రంకుపెట్టె ఎక్కించండి. నేను మాత్రం రెండు రోజులు ఆగి, ఈయన ముక్కు ఎట్లా ఉందో తడిమి చూసుకుని, ఆ తరవాత బయలుదేరుతాను.

సెలవు.